మట్టికట్ట కూడా కోటే: ఓరుగల్లు మట్టికోటపై అపోహలు, వాస్తవాలు

పాత కోటల మట్టి ప్రాకారాలను కొలిచి పటాలు గీయడం నా వృత్తి. ఓరుగల్లులో టేపు పట్టుకొని ఎప్పుడు నిలబడినా ఎవరో ఒకరు వచ్చి, "సార్, కోట అక్కడుంది కదా, ఈ కట్ట మీద ఏం కొలుస్తున్నారు?" అని అడుగుతారు. జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెస్తున్న అపోహ ఈ ప్రశ్నలోనే ఉంది.

అపోహ: కోట అంటే రాతిగోడ, మట్టికట్ట ఉత్త దిబ్బ.

వాస్తవం: ఓరుగల్లు వలయాలుగా పెరిగిన కోట. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తిచేసిన రాతిగోడ లోపలి వలయం కాగా, దాని వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట ఉంది. అగడ్త తవ్వగా వచ్చిన మన్నునే లోపలి గట్టున పోసి కట్టను లేపారు కనుక, అగడ్తలోకి దిగిన శత్రువుకు దాని లోతూ కట్ట ఎత్తూ కలిసి ఒకే వాలుగా ఎదురయ్యేవి. యంత్రం విసిరిన బండకు రాతిగోడ పగలవచ్చు గాని మట్టికట్ట ఆ దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ జరిపిన ముట్టడిని వర్ణిస్తూ ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, ఉక్కు ఈటె సైతం ఈ మట్టిగోడలో దిగదని రాశాడు. అలాంటి నిర్మాణాన్ని దిబ్బ అంటుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

నష్టం ఎక్కడంటే, ఓరుగల్లు కోట ప్రాకారాలు, ద్వారాలు కేంద్ర రక్షిత కట్టడాలు. 2010లో సవరించిన పురాతన కట్టడాల రక్షణ చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిర్మాణాలకు నిషేధిత ప్రాంతం, అక్కడి నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ దూరాన్ని కీర్తితోరణం దగ్గరి నుంచో రాతిద్వారం దగ్గరి నుంచో కొలవరు. హద్దు ఎక్కడ పడుతుందో సర్వే పటంలోనే చూడాలి. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇల్లు కట్టుకునే హక్కు రాదు.

కొన్నేళ్ల క్రితం ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన ప్లాటు కాగితాలు పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. అమ్మినవాళ్లు దాన్ని చెరువుకట్ట అని చెప్పారట. పిల్లర్ల గుంతలు తీశాక పని ఆపమన్నారు. "అయ్యా, కట్ట పక్కన నీళ్లు కూడా ఉన్నాయి కదా" అన్నారాయన. ఆ నీళ్లు అగడ్తలో నిలిచినవి. చెరువుకట్టకు తూము, అలుగు ఉంటాయి, రెండు కొసలూ మెరక నేలలో కలుస్తాయి. కోట కట్ట మాత్రం ఊరిని చుడుతూ వంపు తిరుగుతుంది. ఆ తేడా చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆయనలా కంగారుపడుతున్నవారికి ఒక మాట. ఈ చట్టం వల్ల మీ భూమి మీద యాజమాన్యం పోదు. నిషేధిత ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటి మరమ్మతుకూ, నియంత్రిత ప్రాంతంలో కొత్త నిర్మాణానికీ అనుమతి కోరుతూ దరఖాస్తు చేసుకోవచ్చు. దళారి మాట నమ్మి అనుమతి లేకుండా కట్టడమే ప్రమాదం. దానికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అపోహ: కట్ట కింద నిధి ఉంది.

వాస్తవం: ఇలాంటి కట్టలో దొరికేవి పెంకులు, బొగ్గు ముక్కలు, మట్టిపొరలు. మాకు కాలాన్ని చెప్పేవి ఆ పొరలే, తవ్వేవాళ్లు మొదట నాశనం చేసేవీ అవే. పైగా నిధి కోసం తవ్వడం నేరం.

అపోహ: కోట నుంచి గుడికి సొరంగం ఉంది.

వాస్తవం: నన్ను పిలిచి చూపించిన ప్రతి "సొరంగం" వాననీటి కాలువే.

అపోహ: ఇప్పటికే సగం తవ్వేశారు, నాలుగు ట్రాక్టర్ల మొరం తీస్తే ఏమవుతుంది?

వాస్తవం: కట్ట పాదం కోస్తే పైభాగానికి ఆనిక పోతుంది. వేసవిలో నిలువుగా కోసిన చోట మొదటి పెద్ద వానకే పైమట్టి జారి అగడ్తలో పడడం నేను కళ్లారా చూశాను. తట్టలతో పోసిన మన్ను ఒక్కొక్క కుప్పగా, రంగు తేడాతో, ఆ కోతలో రెండు రోజులు స్పష్టంగా కనిపించింది. మూడో రోజు కొలవడానికి వెళ్లేసరికి అది కూడా కూలిపోయింది.