స్విచ్ వేసిన మొదటి క్షణం

ప్లగ్ పెట్టగానే సాకెట్ దగ్గర చిటుక్కుమని నిప్పురవ్వ మెరవడం చాలామంది చూసే ఉంటారు. తరచూ దానికి కారణం అడాప్టర్‌లో ఉన్న ఖాళీ కెపాసిటర్, అంటే విద్యుత్తును కాసేపు నిల్వ చేసుకునే భాగం.

అడాప్టర్‌లాంటి వాటిలో ఉండే స్విచింగ్ పవర్ సప్లై (ఇంటి కరెంటును పరికరానికి తగ్గట్టు మార్చే సర్క్యూట్) ముందుగా ఏసీని బ్రిడ్జ్ రెక్టిఫయర్‌తో డీసీ చేసి ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపుకుంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఆ కెపాసిటర్ దాదాపు షార్ట్ సర్క్యూట్‌తో సమానం. 230 వోల్టుల ఏసీ గరిష్ఠంగా 325 వోల్టుల దాకా వెళ్తుంది. సరిగ్గా అక్కడ స్విచ్ పడితే? దారిలోని రెసిస్టెన్స్ అంతా కలిపి 2 ఓమ్‌లే అనుకుంటే, కరెంటు 160 ఆంపియర్లు దాటుతుంది. మామూలుగా ఒక ఆంపియర్ కూడా తీసుకోని పరికరంలో! ఇదంతా కొన్ని మిల్లీసెకన్ల పనే, కానీ ఫ్యూజు పోవడానికి, స్విచ్ కాంటాక్టులు అతుక్కుపోవడానికి అది చాలు. అదే ఏసీ సున్నా దగ్గర ఉన్నప్పుడు స్విచ్ పడితే ఉరవడి బాగా తగ్గుతుంది. ఒకే స్విచ్‌కి బోలెడు ఎల్‌ఈడీ లైట్లు ఉన్నచోట ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగే స్విచ్) ఒక్కోసారి మాత్రమే ట్రిప్ అవడం వెనక ఈ తేడా ఉండొచ్చు.

దీనికి బాగా వాడుకలో ఉన్న మందు ఎన్‌టీసీ థర్మిస్టర్, అంటే వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే భాగం. ఉదాహరణకు, చల్లగా ఉంటే 10 ఓమ్‌లు, వేడెక్కితే ఒక ఓమ్ కన్నా తక్కువ. మొదట అడ్డుపడి, తర్వాత తనే దారి ఇస్తుంది. చవకైన చిన్న బిళ్ల ఇంత పని చేయడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. అయితే కరెంటు పోయి వెంటనే వస్తే అది ఇంకా వేడిగానే ఉంటుంది. చల్లబడటానికి ఒకట్రెండు నిమిషాల దాకా పట్టొచ్చు. ఈలోగా లోడ్ (కరెంటు వాడుకునే పరికరం) వల్ల కెపాసిటర్ ఖాళీ అయిపోతుంది. అడ్డేదీ లేక కరెంటు మళ్లీ విరుచుకుపడుతుంది. కాబట్టి ఆఫ్ చేశాక కాసేపు ఆగి ఆన్ చేయడం మంచిది.

పెద్ద సప్లైల్లో మామూలు రెసిస్టర్ పెట్టి, కెపాసిటర్ నిండాక రిలేతో (విద్యుత్తుతో పనిచేసే స్విచ్‌తో) దాన్ని బైపాస్ చేస్తారు, అంటే కరెంటుకు దాన్ని తప్పించి వేరే దారి ఇస్తారు. ఆ రెసిస్టర్ విలువ పెంచినా తగ్గించినా, అందులో వేడిగా పోయే శక్తి సుమారుగా కెపాసిటర్‌లో చేరే శక్తికి సమానమే. 220 మైక్రోఫారడ్లు, 325 వోల్టులకు అది దాదాపు 11.6 జౌళ్లు. అందుకే ఓమ్‌లు చూసి ఊరుకోకుండా, ఒక్కసారిగా అంత వేడి తట్టుకునే వైర్‌వౌండ్ (తీగ చుట్టిన) రకం ఎంచుకోవాలి. రిలే పడేదాకా సప్లై లోడ్‌కు పవర్ ఇవ్వడం మొదలుపెట్టకూడదు. మొదలుపెడితే లోడ్ కరెంటంతా ఆ రెసిస్టర్ గుండానే పోయి, అది మాడిపోతుంది.