పొగాకు మొక్క పురుగుల కోసం దాచుకున్న మందు

గుంటూరు బడిలో వేపింగ్ గురించి, అంటే నికోటిన్ ద్రవాన్ని వేడిచేసే ఈ-సిగరెట్ (వేప్) పీల్చడం గురించి చెప్పడానికి ఊపిరితిత్తుల బొమ్మ కంటే పొగాకు మొక్క మంచి ఆరంభం. పొగాకు బోర్డు 1976 నుంచి ఉన్నది ఈ ఊళ్లోనే. పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో కొందరైనా నల్లబర్లీ పొగాకు చేను చూసి ఉంటారు. మిరపకు మందు కొట్టే తాతనో మేనమామనో చాలామందే ఎరుగుదురు.

పొగాకు మొక్క నికోటిన్‌ను వేళ్లలో తయారుచేసి ఆకులకు పంపుతుంది. అది పురుగు కోసం చేసుకున్న ఏర్పాటు. ఆకు కొరికిన పురుగు నాడీకణాల మీద, నాడుల మధ్య కబురు మోసే అసిటైల్‌కోలిన్ చేరాల్సిన చోట నికోటిన్ చేరుతుంది. నాడులు అదుపు లేకుండా స్పందిస్తాయి, పురుగు వణికి చస్తుంది. నికోటిన్ సల్ఫేటును ఒకప్పుడు రైతులు పురుగుమందుగానే వాడారు. ఇప్పుడు మిరపలో పేనుబంకకు, తామర పురుగుకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ పనిచేసేదీ ఆ చోటు మీదే. కాకపోతే దాన్ని మనుషుల కంటే పురుగులకే బాగా పట్టేలా తయారుచేశారు. నికోటిన్‌కు అలాంటి పక్షపాతం లేదు. తడిసిన పొగాకు ఆకులు కోసే కూలీలకు అది చర్మం గుండానే ఎక్కి వాంతులు, తలతిరుగుడు తెస్తుంది.

పీల్చిన నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరి, హాయి అనిపించే డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. పదేపదే అందుతుంటే మెదడు దాన్ని పట్టుకునే గ్రాహకాలను పెంచుకుంటుంది. ఆవేశాన్ని ఆపి ఆలోచింపజేసే ముందుభాగం ఇరవై అయిదేళ్ల వయసు వరకూ రూపుదిద్దుకుంటూనే ఉంటుంది కాబట్టి, పిల్లల్లో అలవాటు త్వరగా, గట్టిగా పాతుకుంటుంది. రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి తగ్గుతుంది. అప్పుడు చిరాకు మొదలవుతుంది, పాఠం మీద మనసు నిలవదు. మళ్లీ పీలిస్తే హాయిగా ఉంటుంది. పరీక్షల ఒత్తిడి తగ్గిందని ఇంటర్ విద్యార్థి అనుకుంటాడు. నిజానికి ఆ పరికరం తాను పెట్టిన చిరాకునే తాను తీస్తోంది. విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో నేను ఏ ఒక్క మాటే చెప్పాల్సి వచ్చినా, ఇదే చెబుతాను.

మరి గొంతు ఎందుకు అడ్డుకోదు? మామూలు సిగరెట్టు మొదటిసారి తాగినవాడు దగ్గుతాడు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చాలామందికి అదే కాపలా. 2015 ప్రాంతంలో అమెరికాలో బెంజోయిక్ ఆమ్లం కలిపిన నికోటిన్ లవణాలు వేప్‌లలోకి వచ్చాయి. వాటితో ఎక్కువ నికోటిన్ పీల్చినా గొంతు మండదు. పైన మామిడి, పుదీనా రుచులు. మన మిరపకాయది కూడా ఆత్మరక్షణే, జంతువులను దూరం పెట్టడానికే ఆ కారం. అయితే అది నాలుక మీద పడగానే తానెవరో చెబుతుంది. వేప్ చెప్పదు.

బయటికి వచ్చేది నీటి ఆవిరి అనుకోవడం పొరపాటు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ ద్రవాన్ని లోహపు తీగ వేడిచేస్తే ఏర్పడే సన్నటి బిందువులవి. వేడి పెరిగితే ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ అనే విషాలు పుడతాయి. తీగ నుంచి నికెల్, క్రోమియం కూడా కలుస్తాయి.

సిగరెట్టు పొగ కంటే ఇందులో విషాలు తక్కువ కదా అని తెలివైన పిల్లవాడు అడుగుతాడు. తక్కువే, ఒప్పుకోవాలి. కానీ ఆ పోలిక ఇప్పటికే సిగరెట్టు తాగేవాళ్లకు. పదమూడేళ్ల పిల్ల పోల్చుకోవాల్సింది మామూలు గాలితో. ఒక్కసారి పీలిస్తే చస్తావని బెదిరిస్తే మాత్రం, పీల్చి హాయిగా తిరుగుతున్న స్నేహితుడిని చూసిన మరుక్షణం ఆ పంతులుగారి మాటలన్నీ కొట్టుకుపోతాయి.

మన దేశంలో 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలన్నిటినీ నిషేధించింది. అమ్మినవారికి మొదటిసారే ఏడాది వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. దొంగచాటున వచ్చే సరుకును పరీక్షించే నాథుడు ఉండడు. డబ్బా మీద నికోటిన్ లేదని రాసి ఉన్నా నమ్మడానికి ఆధారం లేదు. హైలైటర్ పెన్నులా, పెన్‌డ్రైవ్‌లా ఉండే రకాలూ ఉన్నాయి. సంచుల తనిఖీతోనే పని అయిపోతుందనుకునే పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి. ఇప్పటికే అలవాటైన పిల్లల చేత మానిపించడానికి తిట్లు మందు కాదు. వాళ్లకు, వాళ్ల తల్లిదండ్రులకు జాతీయ పొగాకు మానివేత సహాయవాణి 1800-11-2356 ఉంది, ఫోను ఖర్చు లేదు.