రెవరెండ్ బ్రౌన్ అంటే ఏ బ్రౌన్? కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత చర్చి రిజిస్టర్లు, మిషనరీల ఉత్తరాలు, నివేదికలు చదివి, అందులో ఎవరు ఎవరో తేల్చి జాబితా రాయడం నా పని. ‘బ్రౌన్’ అన్న పేరు కనబడితే ఇప్పటికీ ఆగి రెండోసారి చూస్తాను. ప్రొటెస్టెంట్ బోధకుల్లో ఆ పేరున్నవాళ్లు అంతమంది. ఒకరు జీవితమంతా చేసిన పని ఇంకొకరి ఖాతాలో పడితే నాకు ప్రాణం ఒప్పదు. అందుకే, నన్ను తరచుగా అడిగేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మన సి.పి. బ్రౌన్ పాదిరీ.

కాదు. ఆయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1817లో మద్రాసు వచ్చి, 1820లో కడపలో కలెక్టరుకు సహాయకుడిగా చేరారు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించినా, తర్వాత నిఘంటువులు కట్టినా కంపెనీ కొలువులో ఉంటూనే. పాదిరీ ఆయన తండ్రి, రెవరెండ్ డేవిడ్ బ్రౌన్. 1786లో కలకత్తా వచ్చి ఓల్డ్ మిషన్ చర్చిలో బోధించారు. 1800లో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టినప్పుడు దానికి ప్రొవోస్ట్, అంటే అధిపతి, అయ్యారు. 1812లో ఆయన పోయేనాటికి కొడుక్కి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

ఈ పొరపాటుకు నాకు తోచే కారణం ‘దొర’ అన్న మాటే. మన పెద్దల నోట కలెక్టరూ దొరే, మిషనరీ దొరే. ఒంగోలు క్లౌ దొర బాప్టిస్టు మిషనరీ, కడప బ్రౌన్ దొర కచేరీ మనిషి. పిలుపు ఒకటే కావడంతో వృత్తులు కలిసిపోయాయి. ఒక గ్రంథాలయంలో సి.పి. బ్రౌన్ కార్డు మీద ‘రెవ.’ అని రాసి ఉండటం నేను కళ్లారా చూశాను.

అపోహ: ఇంటిపేరు ఒకటే కాబట్టి బంధువులే.

మన దగ్గర ఇంటిపేరు కలిస్తే ‘మీదే ఊరు, దాయాదులమేమో’ అని ఆరా తీస్తాం. బ్రౌన్ విషయంలో ఆ లెక్క పనికిరాదు. జుట్టు రంగో ఒంటి ఛాయో చూసి పిలిచిన పిలుపు ఇంటిపేరై స్థిరపడింది. మన ఎర్రయ్యలు, నల్లయ్యలు ఊరూరా ఉన్నట్టే ఈ పేరూ ఎక్కడికక్కడ విడివిడిగా పుట్టింది. చుట్టరికం చెప్పాలంటే బాప్తిస్మపు రిజిస్టరో వీలునామానో చూపించాలి.

అపోహ: ‘బ్రౌనిస్టులు’ తమకు తాము పెట్టుకున్న పేరు.

ఇంగ్లండు రాజ్యపు చర్చి నుంచి విడిపోయినవాళ్లను ఇతరులు ఎగతాళిగా పిలిచిన పేరది. 1581లో నారిచ్‌లో విడి సంఘం పెట్టిన రాబర్ట్ బ్రౌన్ పేరు మీద వచ్చింది. ఆయన మాత్రం కొన్నేళ్లకే తిరిగి రాజ్యపు చర్చిలో చేరి, 1591 నుంచి ఆచర్చ్ అనే ఊళ్లో పాదిరీగా ఉన్నారు. 1633లో నార్తాంప్టన్ జైల్లో చనిపోయారు. ఆయన వెనక్కి వెళ్లినా ఆ పేరు అనుచరులను వదల్లేదు.

అపోహ: కొత్త నిబంధనను జపనీస్‌లోకి తెచ్చింది ‘డాక్టర్ బ్రౌన్’.

నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టిన చిక్కు ఇదే. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో, ఒకే పని మీద ఇద్దరు అమెరికన్ బ్రౌన్‌లు ఉన్నారు. ఊరు యొకొహామా.

శామ్యూల్ రాబిన్స్ బ్రౌన్ రిఫార్మ్‌డ్ చర్చి అనే ప్రొటెస్టెంట్ శాఖ మనిషి. 1839లో మకావులో మారిసన్ స్కూలు నడపడం మొదలుపెట్టారు. 1854లో అమెరికాలోని యేల్ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకున్న తొలి చైనీయుడు యుంగ్ వింగ్ ఆయన శిష్యుడే. 1859లో జపాన్ చేరారు.

నేథన్ బ్రౌన్ బాప్టిస్టు, మన నెల్లూరు తెలుగు మిషన్ ఏ సంఘం కింద నడిచిందో ఆ అమెరికన్ బాప్టిస్టు సంఘపు మనిషే. 1836లో అస్సాంలోని సదియాకు వచ్చారు. 1846లో ‘అరుణోదయ్’ పత్రిక మొదలైంది ఆ మిషన్ అచ్చుకూటంలోనే. 1848లో అస్సామీ కొత్త నిబంధన తెచ్చారు. కోర్టుల్లో, బడుల్లో బెంగాలీ రాజ్యమేలుతున్న రోజుల్లో, అస్సామీ వేరే భాషేనని గట్టిగా నిలబడ్డారు. (1867 నాటి అస్సామీ-ఇంగ్లిష్ నిఘంటువు ఈయనది కాదు. అది అదే మిషన్‌లోని మైల్స్ బ్రాన్సన్‌ది. బ్రౌన్, బ్రాన్సన్ అని చేతిరాతలో చూస్తే ఎంత సులభంగా తప్పుతామో ఊహించండి.) 1873లో ఈయన కూడా జపాన్ వెళ్లారు.

ఇద్దరూ ఒకే అనువాద సంఘంలో కూర్చున్నారు. ‘బాప్తిస్మం’ దగ్గర తేడా వచ్చింది. మన తెలుగు బైబిల్లో ఆ గ్రీకు మాటనే తెలుగు లిపిలో ఉంచేశారు. నేథన్‌కు అది చాలదు, ‘ముంచడం’ అన్న అర్థం సూటిగా తెలియాలి. మిగతావాళ్లు ఒప్పుకోలేదు, ఆయన బయటికి వచ్చేశారు. 1879లో సొంత అనువాదం అచ్చు వేశారు, సామాన్యులు చదవగలిగే కనా అక్షరాల్లో. సంఘం వాళ్ల పూర్తి పుస్తకం 1880లో వెలువడింది. శామ్యూల్ ఆ ఏడే పోయారు. కాబట్టి ‘డాక్టర్ బ్రౌన్ అనువాదం’ అని ఎవరైనా అంటే, ముందు ఏ అనువాదమని అడగండి.

అపోహ: ఆ కాలపు రెవరెండ్ అంటే మగవాడే.

ఆంటొనెట్ బ్రౌన్ 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని సౌత్ బట్లర్‌లో కాంగ్రిగేషనల్ చర్చి బోధకురాలిగా అభిషేకం పొందారు. ఒలింపియా బ్రౌన్ 1863లో యూనివర్సలిస్టు అనే మరో శాఖలో బోధకురాలయ్యారు. వీళ్లిద్దరూ అక్కచెల్లెళ్లు కారు. ఒలింపియా కాలేజీలో చదువుకునే రోజుల్లో ఆంటొనెట్‌ను మాట్లాడటానికి పిలిపించారు, అంతే. పెళ్లయ్యాక ఆంటొనెట్ పేరు బ్లాక్‌వెల్‌గా మారడంతో కొన్ని జాబితాల్లో ఆమె రెండు పేర్లతో ఇద్దరిగా కనిపిస్తారు.

అపోహ: కథల్లో నేరాలు ఛేదించే ఫాదర్ బ్రౌన్ ఇంగ్లండు చర్చి పాదిరీ.

ఆయన రోమన్ కాథలిక్. ఆ ‘ఫాదర్’ అన్న పిలుపే చెబుతుంది, మన ఊళ్లలో ఫాదర్ గారు వేరు, పాస్టర్ గారు వేరు అన్నట్టే. 1910లో ఆ పాత్రను సృష్టించేనాటికి ఇంగ్లిష్ రచయిత చెస్టర్టన్ కాథలిక్ కాదు. 1922లో ఆయన్ను ఆ మతశాఖలో చేర్చుకున్న ఫాదర్ జాన్ ఓకానరే ఆ పాత్రకు ఆదర్శం.

నవలల్లో ప్రొటెస్టెంట్ బ్రౌన్ కావాలంటే 1958లో చినువా అచెబె రాసిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ చూడండి. నైజీరియాలోని ఇబో జాతి వాళ్ల ఊళ్లో బడి, ఆసుపత్రి పెట్టి, అక్కడి పెద్ద అకున్నాతో దేవుడి గురించి గంటల తరబడి మాట్లాడే మెతక మిషనరీ ఆయన. ఆ తర్వాత వచ్చే కఠినుడు రెవరెండ్ జేమ్స్ స్మిత్. స్మిత్‌కు రచయిత పూర్తి పేరు పెట్టాడు. ముందు వచ్చినాయన నవలంతా మిస్టర్ బ్రౌనే.