కీచురాయి కడుపులో ఏముంది?

బియర్డెడ్ డ్రాగన్, లెపర్డ్ గెకో లాంటి పెంపుడు బల్లులను పెంచేవారు గాజుపెట్టె, దీపాలు, ఉష్ణోగ్రత గురించి ఎంతో శ్రద్ధగా చదువుకుంటారు. మేతగా తెచ్చిన కీచురాళ్ళ డబ్బాను మాత్రం ఏ మూలనో పెట్టి మరచిపోతారు. రెండు రోజులు తిండీ నీరూ లేక పడివున్న పురుగును తీసి వేస్తే బల్లి తింటుంది, దాని కడుపూ నిండుతుంది. ఒంటికి పట్టేది మాత్రం తక్కువ. ఈ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది బల్లి ఎముకలు.

పురుగులకు ఎముకలు ఉండవు. వాటి పైపెంకు ప్రధానంగా కైటిన్ అనే గట్టి పదార్థం, ప్రొటీన్లతో తయారవుతుంది. అందుకే కీచురాయి ఒంట్లో కాల్షియం చాలా తక్కువ, భాస్వరం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. బల్లికి కావలసింది దీనికి తలకిందులు: ఒక వంతు భాస్వరానికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల కాల్షియం ఉండాలి. ఆ లోటు కొనసాగితే రక్తంలో కాల్షియం పడిపోకుండా పారాథైరాయిడ్ హార్మోను ఎముకల్లోంచి దాన్ని లాగేస్తుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి, వేళ్ళు వణుకుతాయి. అంతదాకా వచ్చాక వంకర తిరిగిన ఎముక మళ్ళీ పూర్తిగా సరికావడం కష్టం.

మరి కీచురాయికి కాల్షియం పెడితే సరిపోతుందా? దాని కండలోకి అది పెద్దగా ఎక్కదు. ఎక్కించగలిగేది పేగులోకే. అందుకే బల్లికి వేయడానికి 24 నుంచి 48 గంటల ముందు కాల్షియం దండిగా కలిపిన దాణా పెట్టాలి. పేగు ఖాళీ అయ్యేలోపే ఆ పురుగు బల్లి నోటికి అందాలి. అంత ఘాటైన కాల్షియం దాణానే రోజూ పెడితే కీచురాళ్ళు చచ్చిపోతాయి. కాబట్టి మామూలు రోజుల్లో గోధుమ తవుడు, కొద్దిగా ప్రొటీను, క్యారెట్ ముక్క, ఆకుకూర చాలు. మునగాకు దొరికితే మరీ మంచిది, అందులో కాల్షియం బాగా ఉంటుంది. పాలకూరను పక్కన పెట్టండి, దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి.

పురుగుల మీద కాల్షియం పొడి చల్లడమూ అవసరమే. అయితే కీచురాయి తన ఒళ్ళు తానే శుభ్రం చేసుకుంటుంది, పొడి కాసేపట్లో పోతుంది. అద్దిన వెంటనే వేయాలి, బల్లి తినగలిగినన్నే వేయాలి. మిగిలిపోయిన కీచురాళ్ళు రాత్రిపూట నిద్రపోయే బల్లి చర్మాన్ని కొరుకుతాయి.

ఇక డబ్బా సంగతి. కీచురాళ్ళ చావుకు ఆకలి కంటే తడి, ఇరుకు పెద్ద కారణాలు. నీళ్ళ గిన్నె పెడితే పిల్లలు మునిగిపోతాయి. తడిపిన స్పాంజి ముక్క పెట్టి, తరచూ మార్చాలి. కోడిగుడ్ల అట్టలను నిలువుగా పేరిస్తే రెట్ట కిందికి రాలిపోతుంది, దాక్కోవడానికీ చోటు దొరుకుతుంది. మూత తీయగానే ముక్కు మండే వాసన వస్తే అమ్మోనియా పేరుకుందని అర్థం: గాలి ఆడటం లేదు, చచ్చినవాటిని తీయడం లేదు. అట్టను కాస్త కదిపి చూడండి. ఆరోగ్యంగా ఉన్నవి చెల్లాచెదురుగా గెంతుతాయి. మీసాలు తెగి, వెనక కాళ్ళు ఊడి కనిపిస్తే ప్రొటీనో నీరో చాలక ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయన్న మాట.

ఈ ఇరుకు ఎంత ప్రమాదకరమో ఫారాల వాళ్ళకు బాగా తెలిసింది. మేతగా ఎక్కువగా పెంచే ఇంటి కీచురాయి (హౌస్ క్రికెట్) జాతికి సోకే ఒక డెన్సోవైరస్ 2002 ప్రాంతంలో యూరప్‌లో, 2009-10లో ఉత్తర అమెరికాలో వాటిని పెంచే ఫారాలను కుప్పకూల్చింది. వెల్లకిలా పడి, కాళ్ళు కదపలేక, గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. బల్లులకు ఆ వైరస్ హాని చేయలేదు. కానీ చాలామంది పెంపకందారులు వేరే జాతుల కీచురాళ్ళకు, దుబియా బొద్దింకలకు మళ్ళారు. దుబియాలు నున్నటి గాజు ఎక్కలేవు, కీచుమని అరవవు, కీచురాళ్ళ కంటే చాలా ఎక్కువకాలం బతుకుతాయి. మొదటిసారి పెంచేవారికి నేను వాటినే సూచిస్తాను.

డబ్బా ఖాళీ అయిందని వీధి దీపం కింద దొరికిన పురుగులను మాత్రం పట్టి వేయకండి. అవి ఏ పురుగుమందు తిని వచ్చాయో తెలియదు. మిణుగురుల సంగతి మరీ ఘోరం: కొన్ని అమెరికా మిణుగురుల ఒంట్లోని విషం వల్ల, ఒక్కదాన్ని మింగినా బియర్డెడ్ డ్రాగన్ ప్రాణం పోవచ్చు.