బోల్తాపడ్డ తెరచాప పడవను లేపే లెక్క

వర్షాకాలంలో హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరిగేటప్పుడు ట్యాంక్‌బండ్ మీద ఆగి చూడండి. గాలి విసురుకి ఓ పడవ చాపతో సహా నీళ్లలో వాలిపోతుంది. గట్టు మీద మనకు టెన్షన్. కాసేపటికే ఆ పిల్లో పిల్లవాడో దాన్ని లేపి మళ్లీ పోటీలోకి వెళ్లిపోతారు. నాకు ఈ పోటీల్లో అన్నిటికంటే నచ్చే దృశ్యం ఇదే.

ఒక్కరే నడిపే లేజర్ అనే రకం పడవను చూద్దాం. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. పొడవు 4.2 మీటర్లు, బరువు సుమారు 59 కిలోలు, చాప 7 చదరపు మీటర్లు. పెద్ద పడవల అడుగున, వాటిని నిటారుగా నిలిపే బరువైన పలక ఉంటుంది, కీల్ అంటారు. దీనికి అది లేదు. అందుకే ఒకసారి పడితే దానంతటది లేవదు.

పడవ మధ్యలోంచి కిందికి దిగే పలక ఒకటుంటుంది, డాగర్‌బోర్డ్ అంటారు. పడవ పక్కకు పడగానే అది అడ్డంగా బయటకు పొడుచుకొస్తుంది. దానిమీద నిలబడి, పడవ అంచు పట్టుకుని వెనక్కి వాలాలి. గడ్డపారతో బండరాయిని కదిపినవాళ్లకు ఈ కిటుకు తెలుసు: ఎంత దూరం జరిగితే మన బరువు అంత బాగా పనిచేస్తుంది.

అసలు చిక్కు చాపతోనే. దానిమీద ఒక్క సెంటీమీటరు మందాన నీళ్లు నిలిచినా 70 కిలోలు. మునిగి ఉన్నంతసేపు ఆ బరువు తెలియదు, పైకి తేలేటప్పుడే తెలుస్తుంది. అందుకే గుంజకూడదు. నీరు జారిపోయేదాకా అలాగే వాలి ఉండాలి. చాపను అదుపుచేసే తాడు ముందే వదులు చేయాలి, లేకపోతే లేచిన చాపలో గాలి నిండి పడవ మళ్లీ పడుతుంది.

గాలి ఎటునుంచి వస్తోందో కూడా చూసుకోవాలి. చాపను నిలబెట్టే కొయ్య కొన గాలికి ఎదురుగా ఉంటే, కొంచెం లేవగానే గాలి చాప కిందికి దూరి పడవను మన మీదికే తిప్పేస్తుంది. అప్పుడు పడవ ముక్కు, అంటే ముందు కొన, పట్టుకుని నీళ్లలో వేలాడితే చాలు. మన శరీరమే లంగరులా లాగుతుంటే, గాలి మిగతా పడవను నెట్టి ముక్కును తనవైపు తిప్పుకుంటుంది.

పూర్తిగా తలకిందులైతే ఓపిక పట్టాలి. అంచు మీద నిలబడి, పైకి లేచి ఉన్న డాగర్‌బోర్డ్‌ను పట్టుకుని వాలితే మెల్లగా పక్కకు వస్తుంది. లోతు తక్కువ చోట కొయ్య బురదలో దిగబడితే మాత్రం బలవంతం చేయొద్దు, వంగిపోతుంది. సాయం వచ్చేదాకా పడవను వదలకండి. లైఫ్ జాకెట్ వేసుకున్నా, అలల మధ్య మనిషి తల కంటే తెల్లని పడవే రక్షించేవాళ్లకు ముందు కనిపిస్తుంది.