సర్క్యూట్ బొమ్మలో లేని రెసిస్టర్

ముసురు పట్టిందంటే మా నరసాపురంలో డబ్బాలోని అప్పడాలూ మెత్తబడతాయి, గిటారు ఆంప్లిఫయర్లూ మొరాయిస్తాయి. ఆదివారాలు చర్చిలో గిటారు వాయించే మిత్రుడి పాత వాల్వు ఆంప్లిఫయర్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు గొట్టాలతో శబ్దం పెంచేది) వేసవంతా చక్కగా మోగింది. శ్రావణం రాగానే వాల్యూమ్ తిప్పితే బరబర, తీగ మీటకపోయినా చిటపట. వాల్వులు మార్చాడు. డబ్బు పోయింది కానీ చిటపట పోలేదు.

వెనక పలక విప్పితే నల్లటి ఫైబర్ అట్ట, దాని మీద రెండు వరసల్లో బూట్ల లేసు కన్నాలకు ఉండేలాంటి లోహపు రింగులు, రింగు రింగుకూ టంకం. 1950, 60లలో అమెరికా కంపెనీ ఫెండర్ ఆంప్లిఫయర్లు ఇలాంటి అట్టల మీదే చేతిపనితో తయారయ్యేవి. చేతిపని అనగానే గిటారిస్టులకు భక్తి పుడుతుంది. మరమ్మతుకు సులువన్న మాట నిజమే. కానీ ఆ అట్ట సెల్యులోజ్‌తో చేసింది. పైనున్న మైనం పాతబడితే చెమ్మ పీలుస్తుంది.

మల్టీమీటర్ నల్ల తీగను చాసిస్‌కు (లోహపు చట్రానికి) తగిలించి, ఎర్ర మొనను అట్ట మీద ఏమీ లేని చోట ఆనించాం. సున్నా చూపాల్సిన మీటరు కొన్ని వోల్టులు చూపించింది. (ఇది చూసి ఎవరూ సరదాకి ప్రయత్నించకండి. లోపల 400 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో మిగిలే ఉంటుంది.)

12ఎఎక్స్7 రకం వాల్వులో సంకేతం బయటికొచ్చే ప్లేటు మీద సుమారు 200 వోల్టులు ఉంటాయనుకుందాం. తర్వాతి దశ గ్రిడ్‌ను (సంకేతం లోపలికి వెళ్లే కొనను) చాసిస్‌కు కలిపేది 1 మెగాఓమ్ వాల్యూమ్ కంట్రోలే. ఈ రెంటి రింగుల మధ్య తడిసిన అట్ట 100 మెగాఓమ్‌ల రెసిస్టర్‌గా మారితే, మామూలు మల్టీమీటర్లు చాలావరకు అంత నిరోధాన్ని కొలవలేవు కూడా. అయినా గ్రిడ్ మీదికి 200లో 101వ వంతు, అంటే దాదాపు 2 వోల్టులు చేరతాయి. అక్కడ గ్రిడ్, కెథోడ్ (ఎలక్ట్రాన్లు వెలువడే కొన) కన్నా ఒకటిన్నర వోల్టు కిందుండాలి. ఆ తేడా తగ్గగానే స్వరం చెడుతుంది. వాల్యూమ్ కంట్రోల్‌లో డీసీ పారితే బరబర తప్పదు.

సర్క్యూట్ బొమ్మ ఒకటే అయినా గొంతు మారొచ్చు. 1962లో లండన్‌లోని జిమ్ మార్షల్ దుకాణంలో ఫెండర్ వారి బాస్‌మన్ ఆంప్లిఫయర్ సర్క్యూట్‌నే దాదాపు యథాతథంగా తీసుకుని కొత్త ఆంప్లిఫయర్ కట్టారు. ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు, మొదటి వాల్వు మారాయి. వినిపించిన గొంతు వేరు. అందుకే బొమ్మ చూసి ఆంప్లిఫయర్‌ను అంచనా వేసేవారంటే నాకు అనుమానం. ఫైబర్ అట్ట బదులు వాడే గాజునార (ఫైబర్‌గ్లాస్) బోర్డులు ఇంత చెమ్మ పీల్చవు. అయితే వేడెక్కే పవర్ వాల్వుల సాకెట్లను నేరుగా బోర్డుకే అతికిస్తే, కొన్నేళ్లకు టంకం పగులుతుంది.

స్విచ్ ఆపి, కెపాసిటర్లు ఖాళీ చేసి, హెయిర్ డ్రయ్యర్‌తో అట్టను అరగంట వెచ్చబెట్టాం. చిటపట ఆగింది. మర్నాడు వాన, మళ్లీ మొదలు. చివరికి గ్రిడ్‌కు వెళ్లే తీగను రింగులోంచి ఊడదీసి, అట్టకు తగలకుండా గాలిలోనే కెపాసిటర్ కాలికి అతికించాం.