ఆట కొన్నాం, సర్వర్ ఎవరిది?

2024 మార్చి 31న ఫ్రాన్స్ కంపెనీ యూబీసాఫ్ట్ 'ది క్రూ' అనే కార్ రేసింగ్ గేమ్ సర్వర్లు, అంటే ఆ ఆటను నెట్ మీద నడిపించే కంప్యూటర్లు, ఆపేసింది. 2014లో వచ్చిన గేమ్ అది. అమెరికా మొత్తాన్ని కుదించి ఒకే మ్యాప్‌లో పెట్టారు. న్యూయార్క్‌లో బండి ఎక్కి లాస్ ఏంజెలెస్ దాకా ఎక్కడా ఆగకుండా పోవచ్చు. ఎవరితోనూ పోటీ లేకుండా ఒక్కరే తిరిగినా సరే, అవతల కంపెనీ సర్వర్ పలికితేనే బండి కదిలేది. ఆ రోజుతో అది పలకడం మానేసింది. డిస్క్ కొనుక్కున్నవాళ్లకు డిస్క్ మిగిలింది, ఆట పోయింది. కొన్ని రోజులకు కొందరి ఆన్‌లైన్ ఖాతాల్లోంచి ఆ గేమ్ లైసెన్స్ కూడా తీసేశారు.

గల్లీ క్రికెట్ ఆడినవాళ్లకు ఇదేం కొత్త కాదు. బ్యాట్ ఎవడిదో వాడు ఔటైనా ఔట్ కాదు, వాడు అలిగి ఇంటికెళ్తే ఆ పూటకు మ్యాచ్ లేదు. ఆన్‌లైన్ గేముల్లో ఆ బ్యాటే సర్వర్. ఒకప్పుడు అది ఆడేవాళ్ల దగ్గరే ఉండేది.

1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ కంపెనీ 'డూమ్' అనే షూటింగ్ గేమ్ విడుదల చేసినప్పుడు అసలు సర్వరే లేదు. నలుగురి దాకా తమ కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపితే, ఎవరు ఏ కీ నొక్కారో ఒకదానికొకటి చెప్పుకునేవి. అందులో ఒక్క కంప్యూటర్ నెమ్మదించినా మిగతావన్నీ దాని కోసం ఆగాల్సిందే. 1996లో అదే కంపెనీ తెచ్చిన 'క్వేక్' ఈ పద్ధతి మార్చింది. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి తూటా ఎవరికి తగిలింది అన్నది ఒక్క సర్వర్ తేలుస్తుంది, మిగతా కంప్యూటర్లు ఆ మాట వింటాయి. కాలేజీ నెట్‌వర్క్‌లో బాగానే నడిచింది. ఇంట్లో ఫోన్ లైన్ మోడెమ్ మీద ఆడేవాళ్లకు మాత్రం నరకం: కీ నొక్కాక ఆ కబురు సర్వర్‌కు చేరి, జవాబు వచ్చాక గానీ కాలు కదలదు. అదే ఏడాది డిసెంబరులో ఆ కంపెనీ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ 'క్వేక్‌వరల్డ్' అని దాని కొత్త రూపం తెచ్చాడు. అందులో మన కంప్యూటర్ జవాబు కోసం కాచుకోకుండా తనే ఊహించి అడుగు వేసేస్తుంది. ఊహ తప్పితే సర్వర్ తర్వాత సరిచేస్తుంది. ఇప్పటికీ నెట్ బాగా లేనప్పుడు మన ఆటగాణ్ణి ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి గుంజినట్టు అనిపిస్తుందే, అది ఆ దిద్దుబాటే.

అంతకంటే ముఖ్యమైన సంగతి, సర్వర్ ప్రోగ్రాంను ఎవరైనా తమ కంప్యూటర్లో నడుపుకోవచ్చు. 1999లో మిన్ లే, జెస్ క్లిఫ్ వాల్వ్ కంపెనీ గేమ్ 'హాఫ్-లైఫ్' మీద మార్పులు చేసి కట్టిన 'కౌంటర్-స్ట్రైక్' ప్రపంచమంతా పాకడానికి సగం కారణం ఇదే అంటాను నేను. ఆ మరుసటి ఏడాది వాల్వే దాన్ని తన గేమ్‌గా విడుదల చేసింది.

మా ఇంజనీరింగ్ హాస్టల్లో వరండా పొడుగునా నెట్‌వర్క్ వైరు లాగి, తలుపుల కింద నుంచి గదుల్లోకి తోసేవాళ్లం. ఎవరి కంప్యూటర్లో ర్యామ్ ఎక్కువుంటే దాని మీద సర్వర్. అతను ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబరు, గట్టిగా అరిచి చెప్తే, మిగతావాళ్లం గేమ్‌లో ఆదేశాలు టైప్ చేసే కన్సోల్ తెరిచి 'కనెక్ట్' అని కొట్టి ఆ నాలుగు అంకెల గుంపులూ కొట్టాలి. అర్ధరాత్రి మూడో అంతస్తు నుంచి 'ఒకటి తొంభై రెండు, ఒకటి అరవై ఎనిమిది' అని కేక వినిపిస్తే వార్డెన్‌కు కూడా అర్థమైపోయేది. స్నైపర్ తుపాకీ వద్దంటే వద్దు, ఏ మ్యాప్ అనేది ఓటింగ్. సర్వర్ ఉన్న కంప్యూటర్లోనే ఆడేవాడికి పింగ్, అంటే కబురు సర్వర్‌కు పోయి వచ్చే సమయం, దాదాపు సున్నా కాబట్టి ఎప్పుడూ అతనే పైన ఉండేవాడు. దాని మీద రోజూ గొడవే. కానీ ఆ గొడవ మాలో మాకే, ఎక్కడో ఉన్న కంపెనీతో కాదు.

హాస్టల్ దాటి ఇంటర్నెట్‌లోకి వస్తే దూరం లెక్క మొదలవుతుంది. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి సింగపూర్‌కు సముద్రం అడుగున వేసిన కేబుల్ 3,200 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే పోయి రావడానికే 32 మిల్లీసెకన్లు. హైదరాబాద్ నుంచి చెన్నై దాకా దారి, మధ్యలో రౌటర్లు దీనికి అదనం. దీన్ని ఏ ఇంటర్నెట్ ప్లానూ తగ్గించలేదు. సర్వరే దగ్గరికి రావాలి. అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు 2016లో ముంబైకి, 2022లో హైదరాబాద్‌కు వచ్చాక గంటల లెక్కన సర్వర్ అద్దెకు తీసుకోవడం తేలికైంది. తీసుకునేది మాత్రం ఎక్కువగా కంపెనీలే.

సర్వర్ తాళం చెవి ఆటగాళ్ల నుంచి కంపెనీల చేతికి మారడం ఈలోపే జరిగింది. ఎక్స్‌బాక్స్‌లో 2004 నాటి 'హేలో 2' ఒక బటన్ నొక్కితే చాలు, సరిజోడును వెతికి పెట్టేది. ఐపీ అడ్రస్‌తో పనే లేదు. జనానికి అది నచ్చింది, నచ్చడంలో తప్పేం లేదు. కంపెనీలకు వేరే లాభాలు కనిపించాయి: మోసగాళ్లను పట్టడం, కొత్త మ్యాపులు అమ్మడం, పాత గేమ్ మానిపించి కొత్తది కొనిపించడం. 2009లో 'మోడర్న్ వార్‌ఫేర్ 2' పీసీ గేమ్‌లో సొంత సర్వర్లు నడిపే వీలు తీసేస్తున్నామన్నారు. లక్షన్నరకు పైగా సంతకాలతో అర్జీ వెళ్లింది. కొనబోమంటూ గేములు అమ్మే స్టీమ్ సైట్‌లో ఒక గ్రూపు కూడా పెట్టారు. విడుదల రోజు ఆ గ్రూపు సభ్యుల పేర్లు చూస్తే, చాలామంది పక్కన ఆ గేమ్ ఆడుతున్నట్టే కనిపించింది. ఆ స్క్రీన్‌షాట్ చూసి ఇప్పటికీ నవ్వుకుంటారు. కంపెనీ కూడా నవ్వుకునే ఉంటుంది.

ఆటగాళ్లు సొంతంగా సర్వర్ రాసుకుంటే కోర్టు ఒప్పుకోలేదు. గేమ్ కంపెనీ బ్లిజార్డ్ వారి ఆన్‌లైన్ ఆటల సర్వీసు బ్యాటిల్.నెట్‌కు బదులుగా కొందరు రాసిన 'బీనెట్‌డీ' మీద అమెరికా అప్పీలు కోర్టు 2005లో కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. 2016లో అదే బ్లిజార్డ్ లీగల్ నోటీసుతో 'నోస్టాల్రియస్' అనే ప్రైవేటు సర్వర్ మూతపడింది. అందులో నడిచింది పాత కాలపు 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'. 2019లో 'క్లాసిక్' అని పేరు పెట్టి కంపెనీయే ఆ పాత ఆటను తెచ్చింది. ఆటకు గిరాకీ ఉందని చూపించింది మూతపడిన సర్వరే కదా.

సర్వర్ ఆగితే ఎలా ఉంటుందో మన పిల్లలకు 2020లో తెలిసింది. సెప్టెంబరు 2న ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించాక కూడా ఫోన్లో ఉన్నవాళ్లకు ఆట నడిచింది. అక్టోబరు 30న ఇండియాకు సర్వీసు ఆపేశాకే అసలు ఆగింది.

'ది క్రూ' తర్వాత రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. సర్వర్లను ఎల్లకాలం నడపమని వాళ్లు అడగడం లేదు. ఆపే ముందు కొన్నవాళ్లు ఏదో ఒక దారిలో ఆడుకునేలా చేసి వెళ్లండి అంటున్నారు. యూరప్‌లో వాళ్ల అర్జీకి 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటాయి. గేమ్ కంపెనీల సంఘం అభ్యంతరాలు వేరు: ప్రైవేటు సర్వర్లలో ఆటగాళ్ల డేటాకు భద్రత ఎవరిది, అక్కడ చెడు పోస్టులకు బాధ్యత ఎవరిది, తయారీ ఖర్చు పెరగదా అని.

ఇందులో కొంత నిజముంది. హాస్టల్ రోజుల్లో సర్వర్ అంటే ఒక్క ప్రోగ్రాం. ఇప్పుడు జోడీలు కలిపేది ఒకటి, కొన్న వస్తువుల లెక్క చూసేది ఒకటి, మోసం పట్టేది ఇంకొకటి. అందులో కొన్ని బయటి కంపెనీలవి. విడదీసి చేతికివ్వడం పూటలో అయ్యే పని కాదు. కానీ మనసుంటే కుదురుతుందని చిన్న స్టూడియో ఒకటి చూపించింది. 2023 జూన్‌లో 'నాకౌట్ సిటీ' సర్వర్లు మూసేటప్పుడు వెలాన్ స్టూడియోస్ ఆటగాళ్లే నడుపుకునే ప్రైవేటు సర్వర్ ఎడిషన్‌ను ఉచితంగా ఇచ్చింది. యూబీసాఫ్ట్ కూడా గొడవ ముదిరాక, 2024 సెప్టెంబరులో, 'ది క్రూ' తర్వాతి రెండు గేములకు ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామంది. మొదటి దానికి ఇస్తామని మాత్రం అనలేదు.

సంతకాల గడువు 2025 జులై 31తో ముగిసింది. లెక్క సరిపోతే యూరోపియన్ కమిషన్ జవాబు చెప్పాలన్నది అక్కడి నిబంధన. చట్టం చేసి తీరాలని మాత్రం ఆ నిబంధనలో లేదు.